కంభం కట్ట నుండి నవాబు బంగళాకు

మార్కాపురములో చెన్నకేశవస్వామి దర్శనము చేసికొని, పలకరాళ్ళ గుట్టల ప్రక్కగా స్టేషను చేరి, నేను రైలెక్కినది బనగానపల్లె నవాబుల బంగళాను కన్నులార చూడవలెనను చిరకాల వాంఛతోనే అయినను, కంభము రాగానే మనసాగక దిగిపోయితిని.

రెండు కొండల నడిమి సందును మూసి, గుండ్లకమ్మ నదిని నిలువరించి, విజయనగర ప్రభువుల కాలమున కట్టిన ఆ 57 అడుగుల చెరువుకట్టను కృష్ణదేవరాయల దేవేరి వరదరాజమ్మ కట్టించినదని జనశ్రుతి. 2020లో దీనికి ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడమను గౌరవము దక్కినది. నేను వెళ్ళిన వేళ ఒక వృద్ధుడైన రైతు కట్టరాళ్ళ సందున మొలచిన ముళ్ళమొక్కను వేరుతోసహా పెరుకుచుండెను.

"ఇది మీ పనా, పెద్దాయనా?" అని అడిగితిని.

"ఎవురి పని అనుకుంటే ఎట్లా సారూ? కట్ట తెగితే మా మళ్ళు ఉంటాయా? చూసినోడే పీకాల" అన్నాడు.

మరునాడు గిద్దలూరు దాటి, దిగువమెట్ట మొదలుకొని నల్లమల అడవిలో మెలికలు తిరుగుచు సాగిన బండి నంద్యాలలో దింపగా, అక్కడినుండి బస్సులో బనగానపల్లె చేరితిని. 1948లో భారతదేశమున విలీనమగు వరకు సుమారు 255 చదరపు మైళ్ళ సంస్థానమును ఏలిన నవాబుల బంగళా ఊరి వెలుపల, రాతినేలపై, కమానుల వరుసలతో ఏకాకిగా నిలిచియున్నది. 'అరుంధతి' చిత్రము వలన దీనికి కొత్త పేరు వచ్చినది. ఈ సంస్థానపు పేరుతో లోకమంతట ప్రసిద్ధికెక్కిన మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. రైతు నాటి, అంటుగట్టి, నీరు పోయుచున్నాడు గనుక ఆ చెట్టు నేటికిని కాయుచున్నది. బంగళాకు అట్టి ఆదరువు లేదు. గచ్చు రాలిన ఒక కమాను మూలలో, జానెడు రావిమొక్క లేత ఎర్రని ఆకులతో తళతళలాడుచుండెను. కంభము రైతు మాట జ్ఞప్తికి వచ్చి, చేయి చాచి లాగితిని; వేరు అప్పటికే గోడలోనికి దిగినది, మొక్క రాలేదు.

ఊరివారికి పనికివచ్చు కట్టడమునే ఊరు కాచుకొనును. ఈ బంగళాలో ఒక గ్రంథాలయమో, ఈ సీమ చరిత్ర చెప్పు ప్రదర్శనశాలయో వెలసినచో, ఆ మొక్కను పెరుకువారు తామై వత్తురు. సంబంధించినవారు మరి నాలుగు వానలు కురియకమునుపే పూనుకొనవలెనని నా మనవి.