డార్ట్‌మూర్ చెఱసాల

ఇంగ్లండు దేశమునకు నైరుతి దిక్కున డెవన్ అను మండలము కలదు. అందు డార్ట్‌మూర్ అనునది విశాలమైన యొక మెట్టబీడు. చెట్లు అరుదు, ఎటు చూచినను గడ్డి, పొదలు, రాతిగుట్టలు, ఊబులు. చూచుచుండగనే పొగమంచు క్రమ్మి, ప్రక్కనున్న మనుష్యుడు సైతము కానరాకుండ పోవును. ఈ బీడునడుమ, సముద్రమట్టమునకు సుమారు 1,400 అడుగుల యెత్తున, ప్రిన్స్‌టౌన్ అను చిన్న ఊరును, దానిని ఆనుకొని గ్రానైటు రాతితో కట్టిన చెఱసాలయు కలవు. గోడ దాటిన బందీకి ఈ బీడే రెండవ ప్రాకారము.

ఈ చెఱసాలను మొదట దొంగలకొఱకు కట్టలేదు. నెపోలియనుతో యుద్ధము జరుగుచున్న కాలమున పట్టుబడిన ఫ్రెంచివారిని ప్లిమత్ రేవునందలి పాత ఓడలలో క్రిక్కిరిసి యుండునట్లు బంధించిరి. అందు రోగములు ప్రబలెను. అంతమంది శత్రువులు నౌకాస్థావరము చెంతనే యుండుట అపాయమనియు దొరలకు తోచెను. డార్ట్‌మూర్ బీడును అభివృద్ధి చేయవలెనని పాటుపడుచున్న సర్ థామస్ టిర్విట్ అను నతడు, అచట చెఱసాల కట్టవచ్చునని సూచించెను. 1806లో శంకుస్థాపన జరిగెను. 1809లో తొలి బందీలు వచ్చిరి. 1813 మొదలు అమెరికా నావికులును వచ్చి చేరిరి. చలికిని, మశూచి మొదలగు రోగములకును లోనై సుమారు 1,500 మంది అచటనే కన్నుమూసిరి.

అయినను ఆ బందీలు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఎముకలను చెక్కి ఓడబొమ్మలు చేసి, ఆవరణలో జరుగు సంతకు వచ్చిన పల్లెవారికి అమ్ముకొనిరి. ఊరి చర్చి నిర్మాణమునను వారి చెమట కలదు. 1814లో అమెరికనులు రహస్యముగా నేలక్రింద సొరంగములు త్రవ్విరి. వారిలో నొకడు గుట్టు బయటపెట్టుటచే ఆ శ్రమ యంతయు వృథయయ్యెను.

ఆ యేడాది డిసెంబరులోనే సంధిపత్రము వ్రాయబడెను. యుద్ధము ముగిసినది, బందీలకు మాత్రము విడుదల రాలేదు. నేడో రేపో యని వారు దినములు లెక్కించుచుండిరి. 1815 ఏప్రిలు 6వ తేదీ సాయంకాలమున ఆవరణలో కలకలము చెలరేగెను. బందీలు పాఱిపోవుచున్నారని శంకించి సైనికులు తుపాకులు పేల్చిరి. 7గురు మరణించిరి. కొలదిదినములలో ఓడ యెక్కవలసినవారు మంటిలో కలిసిరి.

తరువాత కొన్నేండ్లు చెఱసాల పాడువడియుండెను. 1850లో దానిని శిక్షపడిన నేరస్థులకొఱకు మరల తెఱచిరి. వీరు పొలములలోను, రాతిగనులలోను పనిచేయవలెను. మంచు దట్టముగా క్రమ్మినపుడు ఒకరిద్దఱు పరుగుతీయుట కలదు. కాని దారితెలియక తిరిగి తిరిగి, ఆకటను చలిని డస్సి, పెక్కుమంది మరల చిక్కుచుండిరి.

ఈ చెఱసాల కథలలో డేవిడ్ డేవీస్ అను వృద్ధుని కథ విచిత్రమైనది. చర్చి హుండీలలోని డబ్బు దొంగిలించుట అతని అలవాటు. రెండు షిల్లింగులు తీసినందులకు, పూర్వనేరములను గూడ లెక్కించి, 13 ఏండ్ల శిక్ష విధించిరి. డార్ట్‌మూరులో అతడు గొఱ్ఱెలను కాచుచుండెను. 1910లో లాయిడ్ జార్జి, హోంమంత్రి చర్చిల్ చెఱసాలను చూడవచ్చి, ఆ ముదుసలిని గని జాలిపడిరి. చర్చిల్ అతనిని విడిపించి యొక పొలమున పని యిప్పించెను. కొలదిదినములలోనే అతడు అచటినుండి మాయమయ్యెను. మరల దొంగతనము చేసి పట్టుబడెను. తలుపు తెఱచిన చేయి దయగలదే; కాని ఏండ్లతరబడి పాతుకొన్న అలవాటు ఒక్కదినమున వదలునా?

ఫ్రాంక్ మిచెల్ కథ మఱింత దుఃఖకరము. అతడు మహాబలశాలి, యావజ్జీవఖైదీ. విడుదల యెప్పుడో అతనికి ఎవరును చెప్పలేదు. వెలుపలి పనికి పోయినపుడు బీడులోని పొట్టిగుఱ్ఱములను మచ్చిక చేసుకొనుచుండెను. 1966 డిసెంబరు 12న పనినుండి జాఱుకొని, లండను ముఠావారు తెచ్చిన కారెక్కి పోయెను. గోడ దూకలేదు, సొరంగము త్రవ్వలేదు. తన విడుదల తేదీ నిర్ణయింపుడని పత్రికలకు జాబులు వ్రాసెను. కాని దాగిన యింటినుండి అడుగు బయటపెట్టుటకు వీలులేకపోయెను. డార్ట్‌మూరులో ఆకాశమైనను కనబడుచుండెను. ఇచట అదియు కరవయ్యెను. పండ్రెండు దినములకే, తన్ను దాచిన ముఠావారిచేతిలో హతుడయ్యెను.

గ్రానైటు ప్రాంతములలో నేలనుండి రేడాన్ అను వాయువు వెలువడును. అది హెచ్చుగా నుండుటచే 2024లో ఖైదీలను అచటినుండి తరలించిరి. రెండువందల యేండ్లు మనుష్యులను నిలువరించిన ఆ నేలయే తుదకు వారిని వెడలనడపినది.

1815 నాటి నావికులకును, 1966 నాటి మిచెలునకును నడుమ నూటయేబది యేండ్లు గడచినవి. ఇరువురును కోరినది ఒక్కటే: ఫలానా దినమున నీవు ఇంటికి పోవుదువను మాట. ఆ మాట దొరకినవాడు గోడను సహింపగలడు. అది దొరకనివానికి పొగమంచును ఊబియు సైతము దారివలె తోచును. శిక్షించు అధికారము గలవారు మొదట ఎఱుగవలసిన దిదియే.