చెయ్యందే ఎత్తు

సికింద్రాబాద్ పాత బజార్లలో దుకాణం ఎక్కడ ఆగుతుందో, వీధి ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చూపించడం కష్టం. జనరల్ బజార్‌లో సగం సరుకు అరుగుల మీదే ఉంటుంది. పాత కట్టడాల్లో రెండు కొట్ల మధ్య సందులోంచి మెట్లు నేరుగా పై అంతస్తుకు వెళ్తాయి. ఆ మెట్లకు కప్పుంటుంది, తలుపుండదు. మారేడ్‌పల్లిలో, పద్మారావునగర్‌లో అపార్ట్‌మెంట్ల సెల్లార్‌లకు నెత్తిన స్లాబ్ ఉంటుంది, చుట్టూ గోడలుండవు. వీటిలో ఏది లోపల, ఏది బయట? పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు సీసీ కెమెరాల కోసం వెళ్లినవాళ్లను కౌంటర్ దగ్గర మొదట అడిగేది మాత్రం ఇదే: "ఇండోరా సార్, ఔట్‌డోరా?"

పక్కపక్కన పెడితే రెండు డోమ్‌లూ ఒకేలా కనిపిస్తాయి. గాజు గిన్నె బోర్లించినట్టు ఒక బుడగ, దాని వెనక లెన్స్. చేతిలోకి తీసుకుంటేనే తేడా తెలుస్తుంది. ఇండోర్ డోమ్ తేలికపాటి ప్లాస్టిక్. చాలావాటికి మూత చేత్తో తిప్పితేనే ఊడి వస్తుంది. వాండల్ డోమ్ అని దుకాణాలవాళ్లు పిలిచే రెండోదానికి లోహపు అడుగు, మందమైన పాలీకార్బొనేట్ బుడగ, నీళ్లు దిగకుండా చుట్టూ రబ్బరు రింగు ఉంటాయి. దాని స్క్రూలు మామూలు స్క్రూడ్రైవర్‌కు తిరగవు. నక్షత్రం ఆకారపు కీ ఒకటి కెమెరాతో పాటే ఇస్తారు. పని అయిపోయాక ఆ కీ బిగించినతని సంచిలోకి వెళ్లిపోకుండా అడిగి తీసుకోవాలి. బుడగ తుడవాల్సి వచ్చినా, కెమెరా మొహం కాస్త తిప్పాల్సి వచ్చినా అది లేకుండా కుదరదు.

పెట్టె మీద రెండు గుర్తులు చూడాలి. ఐపీ పక్కనున్న అంకెల్లో మొదటిది ధూళి గురించి, రెండోది నీళ్ల గురించి. ఐపీ66 ఉంటే దుమ్ము చొరబడదు, జోరుగా చిమ్మే నీటిధారకు కూడా ఓర్చుకుంటుంది. ఐపీ67 ఉన్నదాన్ని మీటరు లోతు నీళ్లలో అరగంట ముంచినా పాడుకాదు. ఐకే అంకె దెబ్బ గురించి చెబుతుంది. ఐకే10కి అంతర్జాతీయ ప్రమాణం పెట్టిన పరీక్ష ఏమిటంటే, అయిదు కిలోల బరువును 40 సెంటీమీటర్ల ఎత్తునుంచి దాని మీద పడేయడం. అది 20 జౌల్స్ దెబ్బ. ఐకే08కి పరీక్ష 5 జౌల్స్‌తోనే. ఐపీ వేరు, ఐకే వేరు. వానకు ఆగేదల్లా రాయికి ఆగదు. చూరు కింద బిగించే బుల్లెట్ కెమెరా మీద ఐపీ67 అని పెద్దక్షరాలతో రాసి ఉండవచ్చు, ఐకే మాట అసలు ఉండకపోవచ్చు. కొనేవాళ్లు వానను గుర్తుపెట్టుకున్నంతగా మనిషి చేతిని గుర్తుపెట్టుకోరు.

మా అపార్ట్‌మెంట్‌లో పాత కెమెరాలు తీసి కొత్తవి పెట్టాలనుకున్నప్పుడు అసోసియేషన్ మీటింగ్ సెల్లార్‌లోనే కుర్చీలు వేసుకుని పెట్టుకున్నాం. బిగించడానికి వచ్చిన అబ్బాయి చుట్టూ ఒకసారి చూసి, "సెల్లార్‌ల ఇండోర్ డోమ్‌లు సాలు సార్, పైన స్లాబ్ ఉంది గదా, వాన పడదు" అన్నాడు. ఖర్చు తగ్గుతుందని అందరం తలలూపుతున్నాం. మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ టీచరు గారు కుర్చీలోంచే అడిగారు: "వాన పడదు సరే బిడ్డా, చెయ్యి పడదా?"

కెమెరాల గురించి అంతకంటే పనికొచ్చే ప్రశ్న నేనింకా వినలేదు. సెల్లార్‌లో బళ్లలోంచి పెట్రోలు తీసేవాడి చెయ్యి ఉంటుంది. ఆడుకునే పిల్లల బంతి ఉంటుంది. వాటర్ ట్యాంకర్ పైపు భుజాన వేసుకుని గబగబా తిరిగే మనిషి ఉంటాడు. ఇల్లు మారేవాళ్లు బీరువాను నిలబెట్టి మోసుకెళ్తారు. వీటిలో దొంగతనం ఒక్కటే, మిగతావన్నీ రోజువారీ బతుకు. కానీ పల్చటి ప్లాస్టిక్ బుడగకు బీరువా మూల తగిలినా, దొంగ కర్ర తగిలినా ఒకటే.

"అయితే అందనంత పైన పెట్టేద్దాం" అని ఎవరో అన్నారు. చాలాచోట్ల జరిగేది అదే. దానివల్లే చాలా ఫుటేజ్‌లు పనికిరాకుండా పోతాయి. పన్నెండు అడుగుల పైనుంచి చూసే కెమెరాకు నడిచొచ్చే మనిషి నడినెత్తి కనిపిస్తుంది, టోపీ కనిపిస్తుంది, హెల్మెట్ కనిపిస్తుంది. ముఖం కనిపించదు. ముఖం చిక్కాలంటే మనిషి తలకు కాస్త ఎగువన, ఏడెనిమిది అడుగుల ఎత్తులో ఉండాలి. ఆ ఎత్తుకు చెయ్యి చాపితే అందుతుంది. ముఖం పట్టే కెమెరా దెబ్బ తినే కెమెరా కూడా అవుతుంది. అందుకే గేటు దగ్గర, మెట్ల మొదట్లో, లిఫ్టు లోపల, కప్పున్నా లేకపోయినా, ఐకే10 డోమే పెట్టాలని నేను గట్టిగా చెబుతాను. పదిహేను అడుగుల ఎత్తున, నిచ్చెన వేస్తే తప్ప అందని గోడ మీద వీధి మొత్తాన్ని చూసే కెమెరాకు అంత కవచం అక్కర్లేదు. అక్కడ ఎండకూ వానకూ తట్టుకుంటే చాలు.

దూరం లెక్క కూడా చెప్పాలి. వీడియో నిఘా మీద 2014లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, ముక్కూ మొహం తెలియని మనిషిని ఫుటేజ్ చూసి ఫలానా అని తేల్చాలంటే అతను నిలబడిన చోట మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు ఉండాలి. తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125 చాలు. రెండు మెగాపిక్సెల్ కెమెరాకు అడ్డంగా ఉండేవి 1920 పిక్సెళ్లు. 2.8 మిల్లీమీటర్ల లెన్స్ చాలా వెడల్పుగా చూస్తుంది కాబట్టి సుమారు మూడు మీటర్లు దాటితే ఆ 250 నిలవదు. సెల్లార్ అంతా ఒక్క కెమెరాలో కనిపిస్తోందని మురిసిపోతాం. చివరి స్తంభం దగ్గర నిలబడింది మనింటి పిల్లవాడో, పరాయి మనిషో అందులో తేలదు. గేటు దగ్గర 6 మిల్లీమీటర్ల లెన్స్ పెడితే వెడల్పు తగ్గుతుంది, కానీ ఏడు మీటర్ల దాకా ముఖం చిక్కుతుంది. డోమ్ ఏ రకమన్నదానికంటే ముందు ఏ లెన్స్ అని అడగాలి. అడిగేవాళ్లు తక్కువ.

ఇండోర్ డోమ్‌కు చోటు లేదనుకోకండి. తలుపు వేసి తాళం పెట్టుకునే గదిలో, అసోసియేషన్ ఆఫీసులో, క్లినిక్ కౌంటర్ పైన, బట్టల దుకాణం ఫాల్స్ సీలింగ్‌లో అదే సరైనది. తేలిగ్గా ఉంటుంది, ధర తక్కువ, చూపును గుచ్చుకోదు. చాలా ఇండోర్ మోడళ్లలో మాటలు రికార్డు చేసే మైక్ కూడా ఉంటుంది. దాన్ని ఉంచుకోవాలా, ఆపేయాలా అన్నది కొన్న రోజే తేల్చుకోవాలి. ఇండోర్ డోమ్‌నే తెచ్చి మే నెల ఎండలో రేకుల షెడ్ కింద పెడితే మాత్రం ఎక్కువకాలం నిలవదు. ఆ వేడికి అది చేసింది కాదు.

2023 మే నెలాఖరులో పాట్ మార్కెట్‌లోని ఒక బంగారం దుకాణానికి ఆదాయపన్ను అధికారులమంటూ కొందరు వచ్చారు. పనివాళ్లను పక్కన కూర్చోబెట్టి, బంగారు బిస్కెట్లు పట్టుకుపోయారు. అధికారిగా నటించేవాడు అద్దం పగలగొట్టడు, హుందాగా లోపలికొస్తాడు. కొద్ది రోజుల్లోనే పోలీసులు సీసీ కెమెరాల దృశ్యాల ఆధారంగా ఆ ముఠాలో కొందరిని మహారాష్ట్రలో పట్టుకున్నారు. అలాంటి చోట కావలసింది దెబ్బకు ఆగే పెట్టె కాదు, కౌంటర్ ఎదుట నిలబడ్డ మనిషి ముఖాన్ని దగ్గరగా, స్పష్టంగా పట్టే ఇండోర్ కెమెరా. సందు మొదట్లో, బయట, చెయ్యందే ఎత్తులో మాత్రం గట్టిది ఉండాలి. ఒకే దుకాణానికి రెండూ కావాలి.

కవచానికి హద్దులు లేవా అంటే ఉన్నాయి. 2022 జూన్ 17న అగ్నిపథ్ సైనిక నియామక పథకం మీద నిరసనల్లో సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు బోగీలు తగలబడ్డాయి, ప్లాట్‌ఫాంల మీది స్టాళ్లు ధ్వంసమయ్యాయి, ఒక యువకుడి ప్రాణం పోయింది. ఒక గుంపు ఆగ్రహానికి ఆగుతుందని ఏ ఐకే అంకె కూడా హామీ ఇవ్వదు. అది ఒక చేతి దెబ్బకు, ఒక రాయికి ఇచ్చే మాట. అంతెందుకు, బుడగ మీద రంగు చల్లినా, గుడ్డ కప్పినా ఐకే10 ఏమీ చేయలేదు. అందుకే కీలకమైన చోట రెండు కెమెరాలు ఒకదాన్నొకటి చూసేలా పెట్టాలి. గుడ్డ కప్పినవాడి ముఖం రెండోదానిలో ఉంటుంది. ఇక వైరు. ఎంత గట్టి డోమ్ కొన్నా, గోడ మీద వేలాడే వైరును కత్తెరతో కోస్తే అంతే. వాండల్ డోమ్‌కు వైరు వెనకనుంచి గోడలోకే వెళ్లాలి, లేదా ఇనుప పైపులోంచి రావాలి. రికార్డర్‌ను వాచ్‌మన్ బల్ల కింద పెట్టేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. కెమెరాకు కవచం తొడిగి, అది చూసిందంతా తలుపులేని చోట వదిలేస్తున్నారు. సెల్లార్‌లో రికార్డర్ అసలే వద్దు. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో ఎన్ని సెల్లార్‌లు నీళ్లతో నిండాయో చూశాం.

రాత్రిళ్లు డోమ్‌తో ఒక ఇబ్బంది ఉంది. లోపలి ఇన్‌ఫ్రారెడ్ దీపాల వెలుగు బుడగకు తగిలి వెనక్కి వస్తే బొమ్మంతా తెల్లటి మంచు కమ్ముకుంటుంది. లెన్స్ చుట్టూ ఉండే స్పాంజి రింగు బుడగకు ఆనుకుని ఉంటే ఆ వెలుగు లెన్స్‌లోకి పాకదు. బిగించేటప్పుడు అది పక్కకు జరిగిందేమో చూడాలి. బుడగ మీద దుమ్మున్నా ఇదే గతి, వేలిముద్రలున్నా ఇదే. సాలీడు గూడు కడితే ఇంకా ఘోరం. ఆషాఢంలో లష్కర్ బోనాలప్పుడు ఉజ్జయిని మహంకాళి గుడి చుట్టుపక్కల వీధులన్నీ సీరియల్ లైట్లతో, షామియానాలతో నిండిపోతాయి. కెమెరా ముందు వేలాడే లైట్ల తోరణం ఒక్కటి చాలు, జనం అత్యధికంగా ఉన్న రాత్రి ఆ కెమెరా ఉండీ లేనట్టే అవుతుంది. తోరణం కట్టేవాళ్లకు ఒక మాట చెబితే జరిపి కడతారు. ఎవరో ఒకరు చెప్పాలి.

మనదగ్గర ఈ కెమెరాలు ఇష్టాయిష్టాల సంగతి మాత్రమే కాదు. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు జరిగిన 2013లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చట్టం తెచ్చింది. ఒకేసారి వందమంది, లేదా రోజుకు అయిదు వందలమంది వచ్చిపోయే సంస్థలు కెమెరాలు పెట్టి, దృశ్యాలను 30 రోజులు దాచాలని అది చెబుతుంది. తర్వాత పోలీసులు 'నేను సైతం' పేరుతో కాలనీలను, దుకాణాలను ఇందులో కలుపుకున్నారు. ఆ 30 రోజులకు డిస్క్ ఎంత కావాలో కొనేటప్పుడే లెక్క వేయాలి. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డయ్యే కెమెరా రోజుకు సుమారు 21.6 జీబీ తింటుంది, నెలకు 650. అలాంటివి ఎనిమిది ఉంటే అయిదు టీబీ దాటుతుంది. రెండు టీబీ డిస్క్ వేసి పంపితే రెండు వారాలు నిండకముందే పాత దృశ్యాలు చెరిగిపోతాయి. ఫిర్యాదు చేయడానికి మనిషికి ధైర్యం కూడే లోపు సాక్ష్యం ఉండదు. సమయం కూడా సరిచూడాలి. గడియారం ఇరవై నిమిషాలు తప్పుగా ఉన్న ఫుటేజ్ మీద కోర్టులో వచ్చే ప్రశ్నలకు జవాబు చెప్పడం కష్టం.

మా సెల్లార్‌కు చివరికి వాండల్ డోమ్‌లే వచ్చాయి. ఆఫీసు గదికి ఇండోర్‌ది ఒకటి. బిగించేటప్పుడు అసలు తగువు ధర మీద రాలేదు, మెట్ల మలుపు దగ్గరి కెమెరా మీద వచ్చింది. అది ఎదుటి ఫ్లాట్ తలుపులోంచి నేరుగా హాల్లోకి చూస్తోంది. డోమ్ ఎటు చూస్తోందో బయటివాళ్లకు అంత సులువుగా తెలియదు. దొంగ విషయంలో అది మేలే, పక్కింటివాళ్ల విషయంలో అదే అనుమానానికి మూలం. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. మెట్ల మలుపులో ఆ మాటకు అర్థం, కెమెరా సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ తలుపు మేరకు నల్లటి ముసుగు వేయడం. అది రెండు నిమిషాల పని. వేసి, ఆ ఇంటివాళ్లను పిలిచి తెర మీద చూపించాం.

కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చే దాకా బిగించిన అబ్బాయిని వెళ్లనివ్వలేదు. మార్చని పాస్‌వర్డ్‌ల మీదుగానే 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ప్రపంచమంతా కెమెరాలనూ డీవీఆర్ అనే రికార్డర్లనూ తన చేతిలోకి తీసుకుంది. ఇప్పుడు కేంద్రం కూడా కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది. 2025 ఏప్రిల్ 9 నుంచి ఆ నిబంధన అమల్లో ఉంది, కొనేటప్పుడు ఆ ధ్రువీకరణ అడగవచ్చు. కొత్త పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరే ఉండాలని, ఫుటేజ్ ఎవరు అడిగినా రిజిస్టర్‌లో సంతకం పెట్టి చూడాలని తీర్మానం రాసుకున్నాం. రిజిస్టర్, నక్షత్రపు కీ టీచరు గారి దగ్గర ఉంచాం.