ఎగువ నేరేడ్‌మెట్, దిగువ పియోరియా

పియోరియాలో మేం అద్దెకున్న ఇంటి నుంచి నది అరగంట నడక. పేరు ఇల్లినాయ్. వెడల్పుగా, బద్ధకంగా, పాలు తక్కువ పోసిన టీ రంగులో పోతుంటుంది. బ్రాడ్లీ యూనివర్సిటీలో చేరినప్పుడు సోనా మసూరి ఎక్కడ చౌకో, చలికోటు ఏ నెలలో కొనాలో చెప్పిన సీనియర్లు ఈ నది గురించి ఒక్క ముక్క చెప్పలేదు. నేనూ ఏడాదిపాటు దాని ఒడ్డున నడిచానే తప్ప ఈ నీళ్లెక్కడివని అడగలేదు. హైదరాబాద్ నేరేడ్‌మెట్‌లో పెరిగినవాడికి ఆ ప్రశ్న తట్టదు. మాకు నీళ్లు నల్లాలోంచి వస్తాయి, నాలాలోంచి పోతాయి. నడుమ ఒక బకెట్టు, అంతే.

2024 సెప్టెంబర్ 28, శనివారం. షికాగో చూడ్డానికి నలుగురం బయల్దేరాం. నేను, వలిగొండ, ఏలూరు, అనంతపురం. అందరికీ అమ్మానాన్నలు పెట్టిన పేర్లున్నాయి గానీ మా ఇంట్లో ఊరి పేరే పిలుపు. పాత కరోలా అనంతపురానిది, స్టీరింగూ వాడిదే. దారి ఖర్చుకు తలా కొంత వేసుకున్నాం. బీన్ అనే అద్దంలాంటి శిల్పం దగ్గర ఫోటో, విల్లిస్ టవర్, పడవ షికారు, రాత్రికి మనవాళ్ల హోటళ్లున్న డెవాన్ అవెన్యూలో భోజనం అని ముందే రాసుకున్నాం. అందులో నేనొక మెలిక పెట్టాను. ఎలాగూ కొంత దారి నీళ్ల పక్కనే పోతుంది కాబట్టి కింది నుంచి పైకి నదిని చూసుకుంటూ పోదాం, చివర్న మిషిగన్ సరస్సు దగ్గర ఆగుదాం అన్నాను.

"పైకి పోతే నది పుట్టిన కాడికి పోవాలె గదరా, సరస్సు ఎట్లొస్తది?" అన్నాడు వలిగొండ. షికాగో చరిత్ర సగం ఆ ప్రశ్నలోనే ఉంది.

ఒకప్పుడు షికాగో నది అందరి నదుల్లాగే కిందికి పారి మిషిగన్ సరస్సులో కలిసేది. ఊరి మురుగూ, కబేళాల నెత్తురూ మోసుకుపోయి సరస్సులో కుమ్మరించేది. ఊరికి తాగునీళ్లూ ఆ సరస్సులోంచే. టైఫాయిడ్ రాక ఏం చేస్తుంది? మురుగు తగ్గించడం కన్నా నదిని తిప్పడం తేలికనుకున్నారు వాళ్లు. ఎనిమిదేళ్లు తవ్వి, 28 మైళ్ల పొడవున నదికన్నా లోతైన కాలువ తీశారు. దాంతో సరస్సు నీళ్లు నదిలోకి, నది కాలువలోకి, కాలువ డెస్‌ప్లేన్స్ నదిలోకి, అక్కణ్నుంచి ఇల్లినాయ్ మీదుగా మిసిసిపీలోకి. 1900 జనవరి 2న, గడ్డకట్టే చలిలో, పెద్ద సభా సన్నాహం లేకుండానే గండి కొట్టేశారు. దిగువనున్న మిస్సోరీ రాష్ట్రం కోర్టుకెక్కుతుందని వాళ్లకు తెలుసు. రేపు స్టే వస్తుందని కబురందితే రాత్రికి రాత్రి స్లాబు వేసేసే మన బిల్డర్ల తెలివే ఇది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయి 1906లో మిస్సోరీ ఓడిపోయింది. టైఫాయిడ్ షికాగో నుంచే వచ్చిందని రుజువు లేదన్నారు జడ్జి హోమ్స్. మీ ఊళ్లు మాత్రం నదిలోకి మురుగు వదలడం లేదా అని కూడా తీర్పులో అడిగారు. ఆ మాట దగ్గర నాకు కాస్త ఇబ్బంది అనిపించింది. ఎందుకో తర్వాత చెప్తాను.

ఐ-55 మీద చూడ్డానికేం లేదు. మొక్కజొన్న, సోయా, మళ్లీ మొక్కజొన్న. గట్టు లేదు, చెట్టు లేదు, గట్టు మీద మనిషి లేడు. జోలియట్ దాటాక రోమియోవిల్ దగ్గర మాత్రం ఏలూరు నిద్ర లేచాడు. అక్కడ కాలువలో కరెంటు కంచె ఉందని చెప్పాను. చెరువులు శుభ్రం చేస్తాయని అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో 1970ల్లో తెచ్చిన సిల్వర్ కార్ప్, బిగ్‌హెడ్ చేపలు మిసిసిపీలోకి జారుకుని, ఇల్లినాయ్ నదంతా నిండిపోయాయి. పడవ చప్పుడికి ఎగిరి మనుషుల మీద పడతాయి. సరస్సులోకి పోకుండా నీళ్లలో కరెంటు పెట్టారు. తినండి బాబూ అని 2022లో 'కోపి' అని కొత్త పేరు కూడా పెట్టారు.

"పేరు మార్చడం దేనికి, చింతపండు పెంచితే చాలదూ?" అన్నాడు ఏలూరు. పియోరియాలో వాడొకసారి వండాడు. ముళ్లు మాత్రం లెక్కలేనన్ని.

చివరి మైళ్లలో ఐ-55ను అంతకుముందరి ఇంకో పాత కాలువ గుంట మీదే వేశారు. నీళ్ల దారి కార్ల దారైంది. ఆష్‌లాండ్ అవెన్యూ దగ్గర నా పోరు పడలేక కారు దించారు. అక్కడ షికాగో నది దక్షిణపు పాయలోంచి చీలిన ఓ మొండి పాయ ఉంది. పేరు బబ్లీ క్రీక్. మన మాటల్లో బుడగల వాగు. యూనియన్ స్టాక్‌యార్డ్స్ కబేళాలు 1865 నుంచి 1971 దాకా నడిచాయి. పేగులూ కొవ్వూ నెత్తురూ చాలాకాలం ఈ వాగులోకే పోయాయి. అప్టన్ సింక్లెయిర్ 1906 నాటి 'ది జంగిల్' నవలలోకి కూడా ఈ వాగు ఎక్కింది. కబేళాలు మూతపడి యాభై ఏళ్లు దాటినా అడుగున పేరుకున్నది ఇంకా కుళ్లుతూనే ఉంది.

రైలింగు మీద మోచేతులు ఆనించి కిందికి చూశాను. ఆకుపచ్చ నీళ్లు, కదలిక లేదు. పావలా బిళ్లంత బుడగ ఒకటి పైకొచ్చింది. కాసేపు నిలబడి, పగిలింది. దాని పక్కన ఇంకోటి. ఆ వెనక మూడు చిన్నవి, గుత్తిగా. అనంతపురం ముక్కు మూసుకున్నాడు. నాకు మాత్రం ఇంటికొచ్చినట్టు అనిపించింది.

నేరేడ్‌మెట్‌లో మా ఇల్లు నాలాకి మూడో ఇల్లు. నేరేడు చెట్లున్న మెట్ట కాబట్టి నేరేడ్‌మెట్టు అనేది మా నాయనమ్మ. నేను చూసిన నేరేడు పళ్లు మాత్రం క్రాస్‌రోడ్డు దగ్గర తోపుడు బండి మీదివే. మా వైపు చెరువులు గొలుసుకట్టు. పైన రామకృష్ణాపురం చెరువు, తర్వాత సఫిల్‌గూడ చెరువు, ఆ కింద మల్కాజిగిరి బండ చెరువు. ఒకటి నిండి అలుగు దూకితే ఆ నీళ్లు ఇంకోదానికి. అలుగు నీళ్లు పోయే దారే మా నాలా. పుట్టుకతో అది మురుగు కాలవ కాదు, వాన కాలవ. చుట్టూ కాలనీలు లేచాక ప్రతి ఇంటి వెనకాల ఓ పైపు మొలిచింది. మా ఇంటి వెనక కూడా. నాలుగంగుళాల పైపు, బూడిద రంగు. మా నాన్న మేస్త్రీని పెట్టి వేయించాడు. అప్పుడు నేను ఆరో తరగతి, పైపు పట్టుకుని నిలబడ్డది నేనే.

ఎండాకాలంలో నాలా ఆముదంలా చిక్కగా, నల్లగా ఉండేది. మధ్యాహ్నం ఎండకి బుడగలు లేచేవి. గోడ మీద కూర్చుని, ఎవడి బుడగ ముందు పగులుతుందో పందెం కాసేవాళ్లం. వానాకాలం అదే నాలా పొగరు పట్టిన గేదెలా వచ్చేది. గుమ్మానికి అడ్డంగా ప్లైవుడ్ ముక్క, సందుల్లో అమ్మ పాత చీరలు. అయినా ఒక ఏడాది నీళ్లు లోపలికొచ్చేశాయి. ఫ్రిజ్‌ని మంచమెక్కించి, మేం మెట్ల మీద కూర్చున్నాం. నీళ్లు తీశాక గోడ మీద మోకాలెత్తున గీత మిగిలింది. రెండుసార్లు సున్నం కొట్టినా పోలేదు. నాన్న ఒక ఆఫీసుకి పోతే ఇంకో ఆఫీసు పేరు చెప్పారు. అక్కడికి పోతే, "పైనుంచి వచ్చే నీళ్లకు మేమేం చేస్తాం?" అన్నారు. నాన్న ఇంటికొచ్చి పైనున్న కాలనీలన్నిటినీ తిట్టాడు. మా పైపు ఎవరి నెత్తిన పడుతోందో మాకు గుర్తు రాలేదు. జడ్జి హోమ్స్ అడిగిన మాట నాకు గుచ్చుకున్నది ఇందుకే.

సఫిల్‌గూడ చెరువు కట్ట మీద కట్ట మైసమ్మ గుడి ఉంది. కట్ట తెగకుండా కాసే తల్లి. బోనాలప్పుడు అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయేది. పసుపు, వేపాకు, పోతరాజు కొరడా, డప్పులు, వీటన్నిటికీ వెనకాల గుర్రపు డెక్క పరుచుకున్న చెరువు. దూరం నుంచి చూస్తే పచ్చిక మైదానం అనుకోవాలి. కట్టను కాయమని మైసమ్మకు అప్పజెప్పాం. చెరువులోకి పైపులు మాత్రం మనమే వదిలాం. ఏటా ఆ డెక్క తీయించడం, ఫోటో దిగడం, నాలుగు నెలలకు మళ్లీ అది పరుచుకోవడం. వేళ్లకు ఎరువు మన ఇళ్ల నుంచే పోతుంటే పైన ఆకులు పీకి ఏం లాభం?

2020 సెప్టెంబర్‌లో, వాన సాయంత్రం, మా వైపే మూత లేని నాలాలో ఒక చిన్నపిల్ల పడి కొట్టుకుపోయింది. మర్నాడు బండ చెరువులో దొరికింది. అప్పటిదాకా నాలా అంటే మాకు కంపు, దోమలు, పందేలు. ఆ తర్వాత అక్కడక్కడా గోడలు లేచాయి, సిమెంటు పలకలు పరిచారు. ఇప్పుడు నాలా చాలా చోట్ల కనిపించదు. కనిపించకపోతే జనం బాగైందనే అనుకుంటారు. కింద అదే నీరు, అదే పైపు.

ఇదంతా రైలింగు దగ్గర నిలబడి చెప్తుంటే వలిగొండ మధ్యలో అందుకున్నాడు.

"ఆ బండ చెర్వు నీళ్లు ఎటు పోతయి?"

"మూసీలోకి."

"మూసీ ఎటు పోతది?"

నేను మాట్లాడలేదు.

"మా ఊరికొస్తది. నువ్వు నేరేడ్‌మెట్ల ఫ్లష్ కొడితె మా మడిల తేల్తది. నాటుకు దిగితె కాళ్లు దురదవెట్టి రాత్రి నిద్ర వట్టదు మా అమ్మకు."

వాడు కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. కాసేపాగి ఇంకో మాట కలిపాడు. "గానీ ఎండకాలం మూసీ పారేది గూడ మీ నీళ్లతోనే. రెండో పంట అట్లనే పండింది. నా ఇంజనీరింగ్ ఫీజు గూడ గా నీళ్లే కట్టినయ్‌రా."

దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీ, హైదరాబాద్ దాటాక ఏడాది పొడుగునా పారుతుందంటే అది వాన పుణ్యం కాదు, మా పైపుల పుణ్యం.

ఆ వారమే మూసీ ఒడ్డున అధికారులు ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాస్తున్న వీడియోలు అందరి ఫోన్లలో తిరుగుతున్నాయి. చాదర్‌ఘాట్‌లో, మూసానగర్‌లో, శంకర్‌నగర్‌లో. నది గర్భంలో ఉన్నారు, లేచిపొమ్మని. మేం షికాగోలో తిరుగుతున్న సెప్టెంబర్ 28నే, 1908లో, మూసీకి వరదొచ్చి వేల మందిని మింగింది. నదికి చోటు వదలాలన్నది కాదనను. కానీ ఒడ్డున రేకుల ఇంట్లో ఉన్నవాడు మూసీని కంపు చేయలేదు. కంపు చేసింది ఒడ్డుకు మైళ్ల దూరంలో టైల్స్ బాత్రూములున్న మాలాంటి వాళ్లం. మా గోడ మీద ఎవరూ ఏ అక్షరమూ రాయలేదు. రాయాల్సొస్తే ఆ నాలుగంగుళాల పైపు మీద రాయాలి.

బబ్లీ క్రీక్ నుంచి ఇక డౌన్‌టౌన్ హడావుడే. మూడు గంటలకు పార్కింగ్ తీసుకున్నాం. బీన్‌లో మా నలుగురి మొహాలూ సాగిపోయి కనిపించాయి. విల్లిస్ టవర్‌ని కింది నుంచే చూశాం, టికెట్టు ధర విని. 110 అంతస్తుల ఆ కట్టడానికి లెక్కలు కట్టిన ఇంజనీరు ఫజ్లుర్ ఖాన్ ఢాకా మనిషని చెప్తే, సివిల్ చదివి కంప్యూటర్లలోకి దూకిన అనంతపురం కాసేపు గమ్మునుండిపోయాడు. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ముందు మిషిగన్ అవెన్యూలో స్వామి వివేకానంద పేరు బోర్డు ఉంది. 1893 సెప్టెంబర్‌లో ఆయన ఇక్కడ మాట్లాడిన సంగతి మా బళ్లో గోడల మీద కూడా ఉండేది. దానికి ఏడు నెలల ముందు, ఫిబ్రవరి 13న, పశ్చిమానికి ఎందుకు పోదలిచాడో ఆయన చెప్పింది మా సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో. నేను రోజూ బస్సులో ఆ గేటు ముందు నుంచే పోయేవాణ్ని. ఒక్కసారీ దిగి చూడలేదు. ఇక్కడ మాత్రం బోర్డు కింద ఫోటో దిగాను.

పడవ షికారు వద్దనుకుని రివర్‌వాక్ మీద నడిచాం. నీళ్లు శుభ్రంగానే ఉన్నాయి, జనం ఒడ్డున కూర్చుని తాగుతున్నారు. 1915లో ఈస్ట్‌లాండ్ అనే పడవ కట్టేసిన చోటే ఒరిగిపోయి 844 మంది చనిపోయింది ఇక్కడే. మార్చిలో సెయింట్ పాట్రిక్ పండగకు నదిని పచ్చరంగులో ముంచేదీ ఇక్కడే. 1962లో మొదలైన ఆ వేడుకకు మూలం ఏమిటంటే, ఎవరి మురుగు పైపు నదిలోకి వస్తోందో పట్టుకోవడానికి ప్లంబర్లు వాడే రంగు. దొంగ పైపును పట్టించే రంగు పండగ రంగైంది. ఈ ఒక్కటి మాత్రం మా నాలాకు తీసుకుపోవాలనిపించింది, పండగ లేకుండా.

సరస్సు ఇంకో మైలు లోపే. అక్కడ 1938 నుంచి ఉన్న లాకు గేట్లు సరస్సు నీళ్లను కొలిచి నదిలోకి వదులుతాయి. నది నోరు ఇప్పుడు నది తల. అది చూడాలనే నేను పొద్దున్నుంచీ అందర్నీ తిప్పాను. మిషిగన్ అవెన్యూ వంతెన దాకా వచ్చాం. అనంతపురం ఫోన్ తీసి, పార్కింగ్ ఇంకో పావుగంటేనన్నాడు. ఏలూరు డెవాన్, డెవాన్ అంటున్నాడు. వెనక్కి తిరిగాం.

అర్ధరాత్రి పియోరియా చేరాం. మళ్లీ ఇల్లినాయ్ మీది వంతెన. కింద నీళ్లు కనపడలేదు, దీపాలు మాత్రం వంకరగా కదులుతున్నాయి. అమ్మకు ఫోన్ చేశాను. అక్కడ ఆదివారం పొద్దున, పోపు చప్పుడు వినిపిస్తోంది.

"వాన పడిందా?"

"రాత్రి గట్టిగా కొట్టింది. నాలా గోడ దాకా వచ్చి పోయిందిలే."

"ఎటు పోయింది?"

"ఎటేంట్రా, కిందికి."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. వెనక సీట్లో నిద్రపోతున్నాడనుకున్న వలిగొండ కళ్లు తెరవకుండానే అన్నాడు, "అత్తమ్మా, ఎల్లుండి వరకు మా తానికొస్తది. మా అమ్మకు చెప్త."