సారు పార్టీ, మన ఓటు

తెలంగాణ జన సమితి అంటే మా గూడేల్లో చాలామందికి తెలియదు. 'కోదండరాం సారు పార్టీ' అంటే తెలుస్తుంది. సారు పేరు తప్ప పార్టీకి వేరే పేరు నిలవనే లేదు.

2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచినప్పుడు టీచర్లం మేమూ అందులో ఉన్నాం. అప్పటి జేఏసీకి ఆయనే చైర్మన్. రాష్ట్రం వచ్చాక కొలువులేవని గట్టిగా అడిగిందీ ఆయనే. 2018 ఏప్రిల్ 29న సరూర్‌నగర్ సభతో పార్టీ మొదలైంది. గుర్తు అగ్గిపెట్టె. ప్రతి ఇంటి పొయ్యి దగ్గరా ఉండే వస్తువే కదా, భలే దొరికిందని మావాళ్లు నవ్వుకున్నారు.

ఎనిమిది నెలలన్నా నిండకముందే అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. పార్టీ కాంగ్రెస్, టీడీపీ, సీపీఐలతో కలిసి ప్రజాకూటమిలో చేరింది. జనగామలో సారే నిలబడతారని అందరూ అనుకున్నారు. చివరికి ఆ సీటు కాంగ్రెస్ తరఫున పొన్నాల లక్ష్మయ్యకు పోయింది, గెలిచింది టీఆర్ఎస్ అభ్యర్థి. సారు ఎక్కడా పోటీ చేయలేదు, పార్టీకి ఒక్క సీటూ రాలేదు. నాయకుడే బరిలో లేని కొత్త పార్టీకి ఊళ్లో జెండా ఎవరు పడతారు? జనగామ వదులుకున్ననాడే పార్టీ సగం పడిపోయిందని మేమంటాం.

2021 మార్చిలో ఆయన వరంగల్–ఖమ్మం–నల్లగొండ పట్టభద్రుల స్థానంలో నిలబడ్డారు. జనగామ, మహబూబాబాద్ జిల్లాలూ, భూపాలపల్లి జిల్లాలో కొంత భాగమూ అందులోవే. పల్లా రాజేశ్వర్‌రెడ్డి గెలిచారు, తీన్మార్ మల్లన్న రెండో స్థానం, సారు మూడో స్థానం. 2023లో పార్టీ పోటీకే దిగలేదు, కాంగ్రెస్‌కు మద్దతిచ్చింది. మరుసటేడు సారు గవర్నర్ కోటాలో మండలికి వెళ్లారు.

కొలువుల కోసం పుట్టిన పార్టీ కాబట్టి చదువుకున్నవాళ్ల ఓటు మీద ఆశ పెట్టుకోవడం సహజమే. అయితే ఆ ఓటు ఎవరికుంది? రాజ్యాంగం 171వ అధికరణ ప్రకారం పట్టభద్రుల స్థానంలో డిగ్రీ ఉన్నవాళ్లకే ఓటు. ఉపాధ్యాయుల స్థానంలో ఉన్నత పాఠశాల, ఆపై స్థాయిలో పాఠాలు చెప్పేవాళ్లకే. డిప్లొమాతో గూడెం బడిలో అ ఆలు దిద్దించే మాలాంటివాళ్లకు అటూ లేదు, ఇటూ లేదు. ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ గిరిజనులకే ఇచ్చిన 3వ నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అంతకంటే పెద్ద కొలువుల ప్రశ్న మనకేముంది? ఏడాది తిరక్కుండా వచ్చిన ఆ మండలి ఎన్నికలో ఆ దెబ్బ తగిలిన మా పిల్లల్లో డిగ్రీ లేనివాళ్లు ఓటరు జాబితాలోనే లేరు. డిగ్రీ ఉన్నవాళ్లలోనూ పేరు రాయించుకోనివాళ్లు ఎందరో.

ఈ స్థానం గడువు 2027 మార్చిలో తీరుతుంది. పట్టభద్రుల జాబితాను ప్రతి ఎన్నికకూ కొత్తగా రాస్తారు, పాత పేరు చెల్లదు. నవంబర్ 1 నాటికి డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండినవాళ్లు 18వ నంబరు ఫారం నింపాలి. కొత్తగూడ, గంగారం, బయ్యారం పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పి, పట్టా జిరాక్సులు తీయించి పెట్టండి.