లెక్కకు రాని రబ్బరు సైనికులు

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రెజిల్ చేసిందేమిటని ఎవరిని కదిపినా ముందు పాము కథే చెబుతారు. బ్రెజిల్ యుద్ధానికి పోవడం కన్నా పాము పొగ తాగడం సులువని అప్పట్లో ఎగతాళి చేసేవారట. 1942 ఆగస్టులో ఒకే జర్మన్ జలాంతర్గామి మూడు రోజుల్లో వరసపెట్టి ఓడల్ని ముంచి దాదాపు 600 మందిని పొట్టన పెట్టుకున్నాక బ్రెజిల్ అధ్యక్షుడు వర్గాస్ ప్రభుత్వానికి యుద్ధం ప్రకటించక తప్పలేదు. 1944 నుంచి విడతలుగా ఇటలీకి వెళ్లిన దాదాపు 25 వేల మందీ పైపు కాల్చే పాము బొమ్మనే భుజాన కుట్టించుకున్నారు. మాంటె కాస్టెల్లో కొండ దగ్గర పలుమార్లు దెబ్బతిని, చివరికి 1945 ఫిబ్రవరి 21న దాన్ని పట్టుకున్నారు. ఇటలీలో మొత్తం మీద పోయింది 500 మంది లోపే. కోట్ల ప్రాణాలు పోయిన యుద్ధంలో ఇది చిన్న పాత్రేనంటారు. తుపాకీతో కొలిస్తే నిజమే. నా పేచీ ఆ కొలబద్దతోనే.

1942 మొదట్లో మలయా జపాన్ చేతికి పోవడంతో అమెరికాకు రబ్బరు కరువొచ్చింది. టైరు లేనిదే లారీ కదలదు, విమానం దిగదు. అమెరికాతో ఒప్పందం కుదుర్చుకున్న వర్గాస్, ఎండిపోయిన సియరా వంటి ఈశాన్య ప్రాంతాల నుంచి 50 వేల మందికి పైగా జనాన్ని అమెజాన్ అడవికి పంపాడు. వాళ్లకు ‘రబ్బరు సైనికులు’ అని పేరు పెట్టారు. తెల్లవారక ముందే నెత్తిన దీపం కట్టుకుని బయల్దేరడం, బెరడు మీద ఏటవాలుగా గాటు పెట్టి కింద గిన్నె తగిలించడం, కారిన పాలను పొగ మీద పోస్తూ ముద్ద కట్టించడం... ఇదీ వాళ్ల కవాతు. కర్రపెండలం పిండి నుంచి కత్తి దాకా యజమాని కొట్లోనే అప్పు మీద తెచ్చుకోవాలి. దొర దగ్గర అప్పుపడ్డ జీతగాడి లెక్క ఎప్పటికి తెగుతుందో మన పల్లెలకు ఒకరు చెప్పాలా? మలేరియాతో, తిండి చాలక వేలల్లో పోయారు. ఇటలీలో పోయినవాళ్లు ఆ లెక్కలో ఏ మూలకూ రారు.

అయితే వాళ్లు తీసిన రబ్బరెంత, అమెరికాను గట్టెక్కించింది కృత్రిమ రబ్బరు కదా అని అడగవచ్చు. అవును, అనుకున్నంత దిగుబడి రాలేదు. కానీ ఇటలీ యుద్ధాన్ని తేల్చింది ఒక్క బ్రెజిల్ డివిజనూ కాదు. అయినా ఆ డివిజన్‌లో పోరాడినవాళ్లను సైనికులు కారనం. పొట్టకూటికి పోయినవాళ్లు సైనికులెలా అవుతారన్నది ఇంకో మాట. ఆ పేరు పెట్టి పిలిచింది ప్రభుత్వమే. పటాలమా, అడవా తేల్చుకోమని చాలామందిని అడిగిందీ ప్రభుత్వమే. ఇందులో మనకూ పాలుంది. మలయా తోటల్లో రబ్బరు పాలు తీసిన ఉత్తరాంధ్ర కూలీల్లో కొందరిని, తమిళులతో పాటు, జపాన్ వాళ్లు సయాం–బర్మా రైలు మార్గం పనికి తోలుకుపోయారు. ఆ తోటల్లోని చెట్లూ ఒకప్పుడు అమెజాన్ నుంచి పోయిన విత్తనాలవే. అక్కడ రాలిపోయిన కూలీలూ ఏ సైన్యం జాబితాలోనూ లేరు.

బ్రెజిల్ 1988 రాజ్యాంగానికి చేర్చిన తాత్కాలిక నిబంధనల్లో 53, 54 పక్కపక్కనే ఉంటాయి. మొదటిది యుద్ధంలో పోరాడిన సైనికుడికి సెకండ్ లెఫ్టినెంట్ స్థాయి పింఛను ఇచ్చింది. రెండోది రబ్బరు సైనికుడికి నెలకు రెండు కనీస వేతనాలు ఇచ్చింది, అదీ పేదవాడైతేనే.