పాత బుల్లెట్టు ట్యాపెట్లు, మా నాయన చెవి, నా ఫిజిక్స్ పుస్తకం

పోస్టు కొంచెం పెద్దది. ఓపిగ్గా చదవండి.

నాది సీతారామపురం మండలం. ఉదయగిరి దాటినాక వెలిగొండల కింద ఉంటాది. మేం యానాదులం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. హాస్టల్లో ఉండి బీఎస్సీ చదువుతున్నాను. సెలవులకి ఊరికి పోతే ఒక మెకానిక్ షెడ్డులో పనిచేస్తాను. "డిగ్రీ చదివేవాడికి ఈ గ్రీసు పనేంట్రా" అని హాస్టల్లో కొందరు అంటా ఉంటారు. వాళ్ళకి నేను చేసే పనేంటో తెలియదు. అందుకే ఒక్క పని గురించి పూర్తిగా రాస్తున్నాను. పాత బుల్లెట్టుకి ట్యాపెట్ సెట్టింగ్.

ముందు బండి సంగతి. 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్ళు ఇంగ్లండులోని రెడిచ్ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. మన మిలిటరీకి బండ్లు కావాల్సి వచ్చి మొదలైన పని అది. ఫ్యాక్టరీ మద్రాసు పక్కన తిరువొత్తియూరులో. 1970కల్లా ఇంగ్లండులో ఆ కంపెనీ మూతపడింది. మన దగ్గర మాత్రం అదే ఇనప సిలిండర్ ఇంజన్ ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు తయారైంది. 346 సీసీ. పాత బండ్లకి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. తర్వాత వచ్చిన యూసీఈ ఇంజన్లలో హైడ్రాలిక్ ట్యాపెట్లు పెట్టారు, వాటికి ఈ సెట్టింగ్ అక్కర్లేదు. పాతవాటికి మాత్రం మనిషి చెయ్యి కావాల్సిందే.

ఇంజన్లో రెండు వాల్వులు ఉంటాయి. ఒకటి పెట్రోలు కలిసిన గాలిని లోపలికి వదుల్తుంది, ఇంకోటి పొగని బయటికి పంపిస్తుంది. ఇంజన్ రెండు చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు ఒక్కసారి తెరుచుకుంటుంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజన్లో ఒక్కో వాల్వు సెకనుకి 25 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. కింద ఉన్న క్యామ్ ట్యాపెట్‌ని ఎత్తుతుంది, ట్యాపెట్ పుష్ రాడ్‌ని ఎత్తుతుంది, రాడ్డు పైనున్న రాకర్‌ని తోస్తుంది, రాకర్ వాల్వుని నొక్కుతుంది. ఈ వరసలో ఎంత సందు ఉండాలి అన్నదే సెట్టింగ్.

సందు ఎక్కువైతే టక్ టక్ మని సప్పుడొస్తుంది. వాల్వు ఆలస్యంగా, తక్కువగా తెరుచుకుంటుంది, బండికి లాగుడు తగ్గుతుంది. సందు తక్కువైతే అసలు సప్పుడే ఉండదు. ఓనరు "ఇంజన్ ఎంత నున్నగా ఉందో" అని సంబరపడతాడు. లోపల మాత్రం వాల్వు పూర్తిగా మూసుకోదు. ఆ సందులోంచి మంట పోతా ఉంటే పొగ వాల్వు అంచు కాలిపోతుంది. తర్వాత కంప్రెషన్ పోయి కిక్ రాడ్డు ఉత్తుత్తినే కిందికి దిగుతుంది. సప్పుడు చేసే బండి కంటే చెయ్యని బండినే ముందు చూడాలని షెడ్డులో భాయ్ చెప్పిన మొదటి మాట.

పని ఇట్లా చెయ్యాలి. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి. రాత్రి నిలబెట్టి పొద్దున్నే చూడటం మంచిది. సెంటర్ స్టాండ్ వేసి, ప్లగ్గు తీసి, టాప్ గేరులో పెట్టి వెనక చక్రాన్ని ముందుకి తిప్పాలి. ప్లగ్గు రంధ్రం మీద వేలు పెడితే ఒక దశలో గాలి వేలిని తోస్తుంది. అది కంప్రెషన్. పిస్టన్ పైకి వచ్చేదాకా మెల్లగా తిప్పి ఆపాలి. అప్పుడు రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి.

ఇంజన్ కుడిపక్క చిన్న మూత ఉంటుంది, ఒకే నట్టు. అది తీస్తే రెండు పుష్ రాడ్ల అడుగులు కనిపిస్తాయి. ఒక స్పానర్‌తో ట్యాపెట్‌ని పట్టుకుని, ఇంకోదాంతో లాక్ నట్ వదులు చేసి, మూడోదాంతో అడ్జస్టర్ తిప్పాలి. లెక్క ఏంటంటే, రాడ్డు రెండు వేళ్ళ మధ్య హాయిగా తిరగాలి, కిందికీ పైకీ మాత్రం ఆడకూడదు. లాక్ నట్ బిగించేటప్పుడు సెట్టింగ్ కొంచెం కదులుతుంది కాబట్టి బిగించినాక మళ్ళీ తిప్పి చూడాలి. ఇంజన్‌ని రెండు చుట్లు తిప్పి ఇంకోసారి చూడాలి. చివర్లో మూత నట్టుని బలం కొద్దీ బిగిస్తే ఆయిల్ కారుతుంది.

చల్లగానే ఎందుకు చూడాలి అన్నది నాకు ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్‌లో దొరికింది. వ్యాకోచం పాఠం. 100 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.12 మిల్లీమీటర్లు సాగుతుంది. అల్యూమినియం అయితే సుమారు 0.23. సిలిండర్ ఇనుము, రాడ్డు అల్యూమినియం, వాల్వు ఉక్కు. ఒక్కోటి ఒక్కో లెక్కన సాగుతుంది, ఒక్కోటి ఒక్కో వేడి మీద ఉంటుంది. వేడి ఇంజన్ మీద సరిచేసింది చల్లారినాక సరిగ్గా ఉండదు. ఆ పాఠం చదివేటప్పుడు క్లాసులో నాకొక్కడికే బుల్లెట్టు ఇంజన్ కళ్ళ ముందు కనిపించింది అనుకుంటా.

ఇప్పుడు అసలు సంగతి. ఒకసారి బండి తెచ్చిన ఓనరు నన్ను చూసి, "వీడు ఆ కాలనీ పిల్లోడు కదా, స్పానర్లు లెక్క పెట్టుకో భాయ్" అన్నాడు. నా ముందే. భాయ్ గొడవ పడలేదు. "నా చేతులకి వణుకు వచ్చింది సార్. రాడ్డు బిగువు ఇప్పుడు వాడి వేళ్ళకే తెలుస్తుంది. ఇష్టమైతే కూర్చోండి, లేకపోతే బండి తీసుకుపోండి" అన్నాడు. ఆయన కూర్చున్నాడు. నేను పని చేశాను. రెండో కిక్కుకి స్టార్టయింది. పోరుమామిళ్ళ దారిలో కొంత దూరం పోయొచ్చి, డబ్బులు భాయ్ చేతికిచ్చి వెళ్ళిపోయాడు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాతిసారి వచ్చినప్పుడు మాత్రం బండి తెచ్చి నా ముందు ఆపాడు.

ఆ మాట ఆయన సొంతంగా పుట్టించింది కాదు. 1871లో తెల్లవాళ్ళు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఎరుకల వాళ్ళనీ, కొన్ని చోట్ల యానాదులనీ అందులో రాశారు. 1952లో చట్టం రద్దయింది. నోటి అలవాటు మాత్రం పోలేదు. ఊళ్ళో ఏదన్నా పోతే ముందు చూసేది మన ఇళ్ళ వైపే. ఈ గ్రూపులో చాలామందికి ఇది కొత్త కాదు.

నా వేళ్ళకి ఈ పని తొందరగా పట్టుబడటానికి కారణం మా నాయన. ఆయన పొలం గట్టు మీద కాలితో తట్టి, సప్పుడు విని ఎలక బొక్క కింద ఎటు పోయిందో చెప్తాడు. చిన్నప్పటి నుంచీ ఆయన ఎనకే తిరిగి నేనూ వినడం నేర్చుకున్నా. టక్ మనేది ఏ వాల్వో తెలుసుకోవడం నాకు దానికంటే కష్టం అనిపించలేదు. మా నాయనకి సంతకం రాదు, కానీ ఆయనకున్నది చదువు కాదని నేను అనను.

తమ్ముళ్ళకి చెప్పేది ఒకటే. డిగ్రీ చదివేవాళ్ళు ఏదో ఒక చేతిపని నేర్చుకోండి. ఫీజుకీ, బస్సుకీ ఎవర్నీ అడగక్కర్లేదు. ఐటీఐలో ఉన్నవాళ్ళు పని ఎందుకట్లా చేస్తారో పుస్తకంలో వెతకండి. ఆడపిల్లలు కూడా, చెల్లెళ్ళారా. ఈ పనికి కండ బలం అక్కర్లేదు, వేళ్ళకి తెలిస్తే చాలు.

సంక్రాంతి సెలవులకి ఊళ్ళో ఉంటాను. నేర్చుకోవాలన్నవాళ్ళు రండి, చూపిస్తా. పాత బుల్లెట్టు ఉంటే రాత్రే తెచ్చి షెడ్డులో పెట్టండి. పొద్దున్నే, ఎండెక్కకముందే మొదలుపెడదాం.