సముద్రతీరమునకు సకుటుంబముగా

చంపాపేటలో గురిసిన వాన మూసీలో బడి, వాడపల్లికడ కృష్ణను గలిసి, సముద్రము జేరును. మేము మాత్ర మింతవఱకు జేరలేదు. మా యత్తగారు డెబ్బదియేండ్లు వచ్చియు సముద్రమును గనలేదు. కావున నీ మార్గశిరమున మూడుదినముల యాత్ర నిశ్చయించితిమి.

పిల్లలు భీమునిపట్టణ మనిరి. అచ్చటి డచ్చివారి సమాధులు చూడదగినవే. కాని రాత్రియెల్ల రైలులో నుండి, విశాఖపట్టణమున దిగి, మఱి యిరువదియైదు కిలోమీటర్లు పోవుట వృద్ధులకు శ్రమ. సూర్యలంకయో, బాపట్ల స్టేషనునకు సుమారు 9 కిలోమీటర్లే. బాపట్లలో భావనారాయణస్వామి దర్శనమును లభించును. ప్రథమాంధ్రమహాసభ 1913లో జరిగిన దా యూరనే యని పిల్లలకు జెప్పవచ్చును. కార్తికపూర్ణిమనాడు స్నానార్థులు క్రిక్కిఱిసియుందురు. అందుచే నా మాసమును విడిచితిమి.

బియ్యము, పప్పు, పొయ్యి వెంట గొనిపోవుద మని యింటివారనిరి. మే మొప్పుకొనలేదు. తీరముననే పర్యాటకశాఖవారి బస కలదు, భోజనమును దొరకును. వంటయిల్లు వెంటవచ్చిన యాత్ర యిల్లాలికి యాత్ర కాదు. ఆ వ్యయమునకై రెండుమాసములుగా గొంత సొమ్ము ప్రత్యేకించుచున్నాము.

సోదరీమణులారా, ఒక్క నియమము మఱువకుడు. ఆ తీరమున నలలకు గొట్టుకొనిపోయి ప్రాణములు గోలుపోయినవారు కలరు. మోకాలిలోతు దాటరాదు, పెద్దలు చేయి పట్టక పిల్లలు దిగరాదు. పాదములను దడుపు నలయే పుణ్యస్నానమునకు జాలును.